చెయ్యి పడిపోయింది, కాలెలా నిలిచింది?

ప్రశ్న: నెల క్రితం పొద్దున్నే నాన్నగారి చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. చూసేసరికి మూతి వంకర పోయింది, మాట పడిపోయింది. కుడి చెయ్యి ఇప్పటికీ లేవట్లేదు, కానీ మెల్లగా నడుస్తున్నారు. పక్షవాతమంటే చెయ్యీ కాలూ రెండూ పడిపోవాలి కదా? మెదడు పైపొరకి రక్తం ఆగింది, ఎంసీఏ బ్రాంచిలో బ్లాక్ అన్నారు. అదేంటి? – ఓ కూతురు, తెనాలి

జవాబు: ఆ పైపొర పేరు కార్టెక్స్ అమ్మా. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లే, అందులోనే 6 వరసల్లో దాదాపు 1,600 కోట్ల నాడీకణాలు. ఒక్కో అవయవానికి అక్కడ ఒక్కో చోటు ఉంటుంది.

మీ ఎడమ చెవి పైన అరచెయ్యి ఆనించండి. ఆ ఎముక వెనకాలే కుడి మూతినీ చేతినీ కదిలించే భాగాలూ, కాస్త ముందుకి మాట పలికించే భాగమూ ఉన్నాయి. కాలి భాగం మాత్రం అక్కడ లేదు, నడినెత్తి దాటి, మెదడు రెండు సగాలూ ఎదురెదురుగా ఉండే సందులోకి దిగిపోయింది. బయటి పక్కకి రక్తం ఇచ్చే ధమని ఎంసీఏ (మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ), సందులోకి వెళ్లేది ఏసీఏ (యాంటీరియర్ సెరిబ్రల్ ఆర్టరీ). రెండూ మెడలోంచి వచ్చే కెరోటిడ్ ధమని నుంచే చీలతాయి కానీ ఆ తర్వాత దేని దారి దానిది. నాన్నగారికి మొదటిదాని కొమ్మ మూసుకుపోయింది, రెండోది పారుతూనే ఉంది. అదే ఎంసీఏ మొదట్లోనే మూసుకుని ఉంటే, లోతుగా వెళ్లే సన్నటి కొమ్మలకీ రక్తం అందక, చేతి నరాలూ కాలి నరాలూ ఒకే కట్టగా దిగే చోటు దెబ్బతిని కాలు కూడా పడిపోయేది.

మెదడు మన బరువులో 2 శాతమే, ఆక్సిజన్ మాత్రం 20 శాతం వాడేస్తుంది, దాచుకునే వీలు లేదు. అందుకే ధమనిలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్, లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే పడాలి. ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

మీరు అడగని మాట ఒకటి. మాట పలికించే చోటుని 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు గుర్తించాడు. ఆయన చూసిన రోగి ‘టాన్’ అన్న ముక్క తప్ప దాదాపు ఏమీ పలకలేకపోయేవాడు, కానీ ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. నాన్నగారికీ అర్థమవుతూ ఉండొచ్చు, ఆయన ముందే ‘పాపం, ఏమీ తెలియట్లేదు’ అనకండి. తలూపి జవాబిచ్చేలా అడగండి, స్పీచ్ థెరపీ ఆపకండి. ఇలాంటివాళ్లలో కొందరు మాట రాకపోయినా తెలిసిన పాటని పదాలతో సహా పాడగలుగుతారు. ఆయన రోజూ పాడుకునే కీర్తన ఏదైనా ఉంటే, పక్కన కూర్చుని మీరు ఎత్తుకోండి.