గడ్డికప్పు కాటేజీ కొనే ముందు గోడ అడుగు చూడండి

ప్రశ్న: అన్నయ్యా, ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతంలోని ఎక్సెటర్‌కి వచ్చి మూడేళ్లయింది. క్రెడిటన్ వైపు ఒక పాత గడ్డికప్పు కాటేజీ అమ్మకానికి వచ్చింది. నాలుగు వందల ఏళ్ల నాటిదట. మా ఆవిడకి తెగ నచ్చేసింది. నాకేమో మట్టిగోడలంటే టెన్షన్‌గా ఉంది. కొనమంటారా?

తమ్ముడూ, మట్టి సంగతి తర్వాత. ముందు ఆ గోడలకి ఎవరైనా సిమెంటు పూశారేమో కనుక్కో.

ఇక్కడివాళ్లు కాబ్ అనేది మన అడుసే. పైమట్టి తీసేసి, కింద ఉన్న బంకమట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, మనుషులో పశువులో బాగా తొక్కేవాళ్లు. అచ్చులూ చెక్కలూ ఏమీ లేవు. రాతి పునాది మీద రెండు మూడడుగులు పేర్చడం, ఆరేదాకా ఆగడం, దాని మీద మళ్లీ ఇంకో వరస. పక్కలకి ఉబ్బిన మట్టిని పారలాంటి పనిముట్టుతో చెక్కేసేవాళ్లు. గోడ మందం రెండడుగుల పైమాటే. పలాస దగ్గర మా తాతగారి పశువులశాలకి నేనూ చిన్నప్పుడు అడుసు తొక్కాను, అందుకే డెవన్‌లో మొదటిసారి ఇలాంటి ఇల్లు చూసినప్పుడు నాకు చుట్టాలింటికి వెళ్లినట్టే అనిపించింది.

మరి ఇంత వానలో మట్టి ఎలా నిలిచింది అంటావు. మట్టిగోడకి మంచి టోపీ, మంచి జోళ్లు ఉంటే చాలని డెవన్‌లో ఒక సామెత ఉంది. టోపీ అంటే గోడని దాటి బాగా ముందుకొచ్చిన చూరు. జోళ్లు అంటే నేల తడి పైకి ఎక్కకుండా ఆపే రాతి పునాది. ఈ రెండిటి మధ్య మట్టి కాస్త తడుస్తుంది, మళ్లీ ఆరుతుంది. పైన సున్నం పూత ఉంటే ఆ ఆరడానికి అడ్డు రాదు.

నేను 2003లో కొన్న ఇంటికి అంతకు ముందెవరో గట్టి సిమెంటు పూసి, దాని మీద ప్లాస్టిక్ పెయింట్ వేశారు. చూడ్డానికి చాలా నీటుగా ఉండేది. వంటింటి గోడ అడుగున చెమ్మ కనిపిస్తే ఒక మేస్త్రీని పిలిచాను. ఆయన గోడలోకి ఏదో మందు ఎక్కించి, పైన ఇంకో పొర సిమెంటు వేసి డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ ఫిబ్రవరిలో ఒక రాత్రి బియ్యం బస్తా అంత మట్టిపెళ్ల లోపలికి విరిగి పడింది. సిమెంటు బీటల్లోంచి వాన లోపలికి దిగడమే గానీ ఆరే దారి లేదు. మొత్తం గీకించేస్తే లోపల మట్టి చపాతీ పిండిలా ఉంది. ఒక వేసవంతా ఆరబెట్టి, పచ్చి ఇటుకలతో పూడ్పించి, సున్నం వేయించాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఇక పైకప్పు. మనవైపు తాటాకు రెండు మూడేళ్లకే మారుస్తాం. ఇక్కడ గోధుమ గడ్డి కప్పు పాతిక, ముప్పై ఏళ్లు వస్తుంది. కొప్పు, అంటే కప్పు రెండు వాలులూ కలిసే పైఅంచు మీది గడ్డి, మాత్రం పది పదిహేనేళ్లకోసారి మార్పించాలి. అమ్మేవాళ్లని ముందు అడగాల్సింది అదే: కొప్పు ఎప్పుడు వేయించారు? పాత కప్పు మొత్తం పీకకుండా పైపైనే కొత్త గడ్డి వేస్తూ వచ్చారు కాబట్టి, కొన్ని ఇళ్లలో అన్నిటికన్నా అడుగు పొర మధ్యయుగాల నాటిది, పొగకి నల్లగా మారిపోయి ఉంటుంది. అప్పట్లో పొగగొట్టం లేదు. ఒకటే పెద్ద గది, మధ్యలో నేల మీద పొయ్యి, పొగ గడ్డిలోంచే బయటికి పోయేది. పొగగొట్టాలూ మేడగదులూ ఎక్కువగా 16, 17 శతాబ్దాల్లో వచ్చాయి. అటక ఎక్కినప్పుడు ఆ నల్ల గడ్డి కనిపిస్తే చెత్త అనుకుని ఊడ్చెయ్యకు. ఇప్పుడు ఎవరూ పండించని గోధుమ రకాలు అందులో దొరుకుతాయని పరిశోధకులు వెతుక్కుంటూ వస్తారు.

మట్టిల్లంటే పేదవాళ్లదే అనుకోకు. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో పేరుమోసిన నావికుడు సర్ వాల్టర్ రాలీ పుట్టిన హేయస్ బార్టన్ కూడా డెవన్‌లోని ఇలాంటి గడ్డికప్పు ఇల్లే. ఇంకెక్కడో కన్నా పుట్టిన ఇంట్లోనే ఉంటానని, దాన్ని కొనుక్కోవడానికి 1584లో ఉత్తరం రాశాడు. అంతటివాడికీ దక్కలేదు! 19వ శతాబ్దంలో రైళ్ల మీద ఇటుకా పలకరాయీ చవగ్గా వచ్చాకే ఈ మట్టిగోడల పని మూలపడింది.

అంత పాత ఇల్లు లిస్టెడ్ అయ్యే ఉంటుంది, అంటే కాపాడాల్సిన పాత కట్టడంగా ప్రభుత్వ జాబితాలో చేరి ఉంటుంది. నేషనల్ హెరిటేజ్ లిస్ట్‌లో ఉచితంగానే చూసుకోవచ్చు. అయితే గనక కౌన్సిల్ అనుమతి లేకుండా కిటికీ మార్చినా, లోపలి గోడ తీసేసినా నేరమే. పాత ఓనరు అనుమతి లేకుండా చేసినదాన్ని సరిచెయ్యమని నీకు నోటీసు రావచ్చు, కాబట్టి ఆ సంగతి సొలిసిటర్‌తో ముందే తేల్పించుకో. ఇన్సూరెన్స్ కూడా గడ్డిళ్లకి ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోవాలి. కట్టెల పొయ్యి ఉంటే వాళ్ల షరతులు పెరుగుతాయి. దీపావళికి చిచ్చుబుడ్లు ఆ పెరట్లో వద్దు.

చిన్న బాధలు కూడా చెప్తాను. ద్వారబంధాలకి నెత్తి కొట్టుకుంటుంది. వైఫై గోడ దాటదు. టీవీ తగిలిద్దామని డ్రిల్ పెడితే మట్టి పొడిపొడిగా రాలుతుంది. జూలై ఎండలో మాత్రం లోపల కుండలో నీళ్లలా చల్లగా ఉంటుంది, అప్పుడు అన్నీ మర్చిపోతాం.

సర్వేకి మామూలువాణ్ణి పెట్టకు, మట్టిళ్లు చూసిన అనుభవం ఉన్నవాణ్ణే పెట్టు. ఇక్కడి మట్టి కట్టడాల సంఘం, డెవన్ ఎర్త్ బిల్డింగ్ అసోసియేషన్‌ని అడిగి చూడు. ఈలోగా వాన పడే శనివారం మీరిద్దరూ మళ్లీ వెళ్లి, ఇంటి వెనక వైపు గోడ అడుగు చూడండి. పూత మీద పిడికిలితో తట్టితే బోలుగా మోగుతోందా? బయటి నేలగానీ కాంక్రీటు దారిగానీ పునాది రాయిని కప్పేసిందా? ఫోటోలు తీసి పంపు, చూసి చెప్తాను.