ముందు మ్యాట్లు ఎత్తి చూడండి

ప్రశ్న: మాది 2011 వ్యాగన్ ఆర్. లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. క్లచ్, సస్పెన్షన్, ఇంజిన్ పని అన్నీ కలిపి 65 వేలు అవుతుందంటున్నారు. మార్కెట్లో బండి విలువే లక్షా పది. చేయించుకోవాలా, అమ్మేయాలా?

చేయించుకోండి. కాకపోతే దానికన్నా ముందు కారులో మ్యాట్లు తీసి, కింద కార్పెట్ ఎత్తి, ఫ్లోర్ రేకుని స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. స్క్రూడ్రైవరు లోపలికి దిగిందంటే మిగతా జవాబు చదవక్కర్లేదు, ఎంతొస్తే అంతకి అమ్మేయండి.

ఇంత తెగేసి చెప్పడానికి నేనేం మెకానిక్కుని కాదు. విజయవాడలో నాకు జెరాక్స్, బైండింగ్ షాపు ఉంది. దాంతోపాటు 2007 శాంట్రో ఒకటి ఉంది. దాని గుండె ఆపరేషన్ జరుగుతుంటే ఆటోనగర్లో నాలుగు రోజులు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను.

2023 మే నెల. నూజివీడు దగ్గర మా అత్తగారి ఊరు. అక్కణ్ణుంచి మామగారిని ఎక్కించుకుని, వెనక సీట్లో రెండు బుట్టలు బంగినపల్లి, ఒక బుట్ట చిన్నరసాలు పెట్టుకుని మిట్టమధ్యాహ్నం విజయవాడ బయల్దేరాను. హనుమాన్ జంక్షన్ దాటి హైవే ఎక్కాక ఏసీ లోంచి వేడి గాలి మొదలైంది. గ్యాస్ అయిపోయిందేమో అనుకుని అద్దాలు దించి అలాగే పోనిస్తున్నాను. మా మామగారు ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు స్టీరింగ్ పట్టిన మనిషి. పక్క సీట్లోంచి ఒకసారి వంగి చూసి, "అల్లుడు గారూ, ముల్లు చూశారా" అన్నారు. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీద కూర్చుని ఉంది. "తేలప్రోలు దగ్గర ఆపుదాం మామయ్య గారూ, అక్కడ నీడ ఉంటుంది" అన్నాను. ఆ నీడ కోసం నడిపిన నాలుగు కిలోమీటర్లే నా కొంప ముంచాయి. ఇంజిన్ బాగా వేడెక్కితే బండిలో ఉండే కంప్యూటరే ఏసీని ఆపేస్తుందని, ఆ వేడి గాలే మొదటి హెచ్చరిక అని నాకు తర్వాత తెలిసింది.

చెరకు రసం బండి పక్కన ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. నేను గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే మామగారు నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. ఆ వేడిలో మూత తీస్తే మరిగే నీళ్ళు మొహం మీదికి తన్నుకొస్తాయి. ఆయన డిపోలో అలా కాలిన మనిషిని చూశారట. ముక్కాలు గంట కూర్చున్నాం. రెండు గ్లాసుల రసం తాగాం. చెరకు రసం అబ్బాయే బిందెతో నీళ్ళు ఇచ్చాడు. పోసి స్టార్ట్ చేస్తే బండి వణుకుతూ లేచింది. సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ. మామగారు ఆయిల్ స్టిక్ పీకి నా ముందు పెట్టారు. దాని మీద ఆయిల్ లేదు, చిక్కటి పాల టీ రంగు నురగ ఉంది. "టీ పెట్టేసిందండీ మీ బండి" అన్నారు.

అంటే ఇంజిన్ పై భాగానికి, అదే హెడ్‌కి, కింద నీళ్ళనీ ఆయిల్‌నీ కలవకుండా ఆపే గ్యాస్కెట్ పోయి, రెండూ కలిసిపోయాయి. ఇందులో బండి తప్పు ఏమీ లేదు. రెండు నెలల ముందే రేడియేటర్ హోస్ దగ్గర చెమ్మ ఉందని సర్వీస్ కుర్రాడు చూపించాడు. నేనే తర్వాత చూద్దాంలే అన్నాను. పైగా కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోస్తూ వచ్చాను. రెండొందల రూపాయల పైపు అది.

దారిలోనే ఫోన్ చేస్తే ఊళ్ళో ఒక పెద్ద వర్క్‌షాప్, పేరెందుకులెండి, వాట్సాప్‌లో ఆ స్టిక్ ఫొటో చూసి 58 వేలు అన్నారు. హెడ్ విప్పలేదు, బండిని చూడలేదు. ఫొటోకే ఇంజిన్ మొత్తం దించేశారు! మా బావమరిది ఫోన్లో "ఇన్సూరెన్స్ ఇవ్వదా బావా" అన్నాడు. ఇవ్వదు. యాక్సిడెంట్ అయితే ఇస్తుంది గానీ, మన నిర్లక్ష్యానికి ఇంజిన్ పోతే మామూలు పాలసీలో పైసా రాదు. టాటా ఏస్‌కి తాడు కట్టి ఆటోనగర్ చేర్చాం, 1,800. మామగారు మామిడి బుట్టలతో సహా ఏస్‌లోనే కూర్చున్నారు. మళ్ళీ నా బండి ఎక్కనన్నారు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. ఆటోనగర్ మేస్త్రి ముందు బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ సీటు కింద కార్పెట్ లాగి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోర్ అంతా కొట్టుకుంటూ పోయాడు. తర్వాత కింద పడుకుని చాసిస్ చూశాడు. ముందు సస్పెన్షన్ బిగించే చోట్లు వేలితో తడిమాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "ఒళ్ళు బాగుంది సార్. ఆపరేషన్ తట్టుకుంటుంది. తుప్పుంటే నేనే వద్దనేవాణ్ణి" అన్నాడు. ఇంజిన్‌కి విడిభాగాలు దొరుకుతాయి, గేర్‌బాక్స్‌కి దొరుకుతాయి. తుప్పు తిన్న బాడీకి అతుకులే. బందరులో మా బాబాయి కారు ఇంజిన్ మీద 40 వేలు పెట్టారు. ఇంజిన్ బ్రహ్మాండంగా ఉంది. సముద్రపు గాలికి ఫ్లోర్ పుచ్చిపోయి ఆరు నెలల్లో తూకానికి పోయింది.

మా హెడ్ ఒక కుర్రాడు మోపెడ్ మీద పెట్టుకుని లేత్‌కి తీసుకెళ్ళాడు. కొద్దిగా వంగింది, ఫేసింగ్ చేస్తే, అంటే అడుగు చదును చేస్తే, సరిపోయింది. గ్యాస్కెట్, వాల్వ్ సీళ్ళు, టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, కొత్త రేడియేటర్, రెండుసార్లు ఆయిల్ మార్చి కడగడం, కూలీతో కలిపి 21,400. పనిలో పనిగా "వేసవి కదా, థర్మోస్టాట్ వాల్వ్ తీసేద్దాం" అన్నాడు పక్క షెడ్డాయన. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది అదే. ఈ సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. వినకండి. ఇంజిన్ ఉండాల్సిన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. ఆ వాల్వ్ ధర ఎంతని?

ఇప్పుడు మీ లెక్క. "రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే అమ్మేయ్" అని అందరూ అంటారు. ఆ సూత్రం కనిపెట్టినవాడు కార్లు అమ్ముకునేవాడే అయ్యుంటాడని నా గట్టి నమ్మకం. బండి విలువ అమ్మేవాడికి కావాలి, నడుపుకునేవాడికి ఎందుకు? అసలు మీ లక్షా పది అనేది పనులన్నీ చేయించిన బండి రేటు. ఇప్పుడున్న స్థితిలో డెబ్భై వేలు వస్తే గొప్ప. ఆ డెబ్భైకి ఈ 65 కలిపితే లక్షా ముప్ఫై అయిదు. అది పట్టుకుని బజారుకెళ్తే ఇంకో పదిహేనేళ్ళ బండే వస్తుంది. దాన్ని ఎవరు నడిపారో, ఎన్నిసార్లు ముల్లు ఎరుపెక్కిందో మీకు తెలీదు.

మా బావమరిది అదే చేశాడు. పాతది అమ్మేసి, 2025 మొదట్లో రెండు లక్షల ముప్ఫైకి తళతళలాడే కారు కొన్నాడు. వానాకాలం వచ్చేసరికి ఒక్కో స్విచ్చీ చచ్చిపోవడం మొదలైంది. సీటు బెల్ట్ చివరికంటా లాగి చూస్తే బురద చార. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా, అప్పుడు నీళ్ళలో నానిన కార్లన్నీ ఏమైపోయాయనుకున్నారు? సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు సీటు బెల్టులు నాలుగూ పూర్తిగా లాగి చూడండి. సీట్లు కడుగుతారు గానీ బెల్టు ఆ చివరిదాకా ఎవడూ కడగడు.

కొత్తది కొంటారా? అయిదు లక్షల లోను అయిదేళ్ళకి తీసుకుంటే, తొమ్మిదిన్నర శాతం వడ్డీకి నెలకి పదిన్నర వేలు ఈఎంఐ. ఏస్ 1,800తో కలిపి నా 23,200 ఖర్చయ్యి రెండున్నరేళ్ళు అయింది. నెలకి ఎనిమిది వందలు కూడా పడలేదు. మధ్యలో బ్యాటరీ, రెండు టైర్లు పడ్డాయి, అవి ఏ బండికైనా పడేవే. మీ జాబితాలో క్లచ్, సస్పెన్షన్ కూడా అలాంటివే, కళ్ళు మూసుకుని చేయించండి. "ఇంజిన్ పని" అన్న మాట దగ్గర మాత్రం ఆగండి. ఏం పని అని అడగండి. మీది కె సిరీస్ ఇంజిన్, బెల్ట్ కాదు టైమింగ్ చైన్. వేళకి ఆయిల్ మార్చి ఉంటే లక్షా పదివేలకి విప్పాల్సిన ఇంజిన్ కాదు. కంప్రెషన్ టెస్ట్, అంటే ఒక్కో సిలిండర్లో ఒత్తిడి ఎంతుందో కొలిచే పరీక్ష, చేయించండి. మూడు సిలిండర్లూ దాదాపు ఒకే రీడింగ్ చూపిస్తే, పొగ లేకపోతే, ఆయిల్ తాగకపోతే, ఆ పని కొట్టేయమనండి. మీ 65 కాస్తా 30కి దిగుతుందని పందెం.

ఒక ఖర్చు మాత్రం మర్చిపోకండి. 2011 బండికి 2026లో పదిహేనేళ్ళు నిండుతాయి. ఆర్సీ రెన్యూవల్ చేయించాలి, బండి చూపించాలి, ఫీజు 5,000, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. పదిహేనేళ్ళకే బండి మూల పడేయాలని ఇక్కడ రూల్ లేదు. అలా ఉందని భయపెట్టి చవగ్గా కొనుక్కుపోయే బ్రోకర్లు ఉన్నారు, జాగ్రత్త. రెన్యూ చేస్తే ఇంకో అయిదేళ్ళు. నేను ఈ ఫీజు దగ్గరే మోసపోయాను, మోసం చేసింది నా బద్ధకమే అనుకోండి. ఆర్సీ గడువు 2022 మే మూడో వారంలో అయిపోతోంది. అరవై రోజుల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి మార్చి ఆఖర్లో వెళ్ళి ఉంటే 600తో పోయేది. పరీక్షల సీజన్, షాపులో జనం, వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. ఏప్రిల్ 1 నుంచి అది 5,000 అయింది.

ఆ తర్వాత 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి ఫీజు 10,000 చేశారు. నాదానికి 2027 మే 20కి ఇరవై నిండుతాయి. ఈసారి అరవై రోజుల ముందే, మొదటి రోజునే వెళ్ళాలని వేళ్ళ మీద లెక్కపెట్టి మార్చి 21 అని షాపు గోడ మీద రాసుకున్నాను. నిన్న ఫోన్లో క్యాలెండర్ తీసి చూస్తే ఆ రోజు ఆదివారం.