ఎవరికీ తెలీకుండా చేసే చిన్న పనులు నిజంగా ఆత్మీయ జీవితాన్ని పాడు చేస్తాయా?

వందనాలు బ్రదర్. సంఘంలో అందరి ముందు బాగానే ఉంటున్నాను, చాటుగా చేసే ఒకటి రెండు పనుల వల్ల ఎవరికీ నష్టం లేదు, మరి అవి నా ఆత్మీయతని ఎలా పాడు చేస్తాయి అని అడిగారు. ఆ పనులేంటో మీరు రాయలేదు, నేనూ అడగను. నాది చెప్తాను.

2013 నుంచి రెండేళ్ళు నేను ఒక పురుగుమందుల కంపెనీలో సేల్స్ చేశా. గుంటూరు నుంచి బండి మీద తిరగాలి, కిలోమీటరుకి 3 రూపాయలు ఇచ్చేవాళ్ళు, ఏ రోజు ఏ ఊరు వెళ్ళామో రాసిస్తే చాలు, చెక్ చేసేవాళ్ళు ఎవరూ లేరు. ఒకరోజు బాగా మబ్బు పట్టిందని నరసరావుపేట నుంచే వెనక్కి వచ్చేసి, వినుకొండ కూడా వెళ్ళినట్టు రాసేశా. అక్కడి డీలర్‌తో ఫోన్లో మాట్లాడాను కదా, పనైతే అయింది కదా అనుకున్నా. రానుపోను ఓ 80 కిలోమీటర్లు, 240 రూపాయలు. తర్వాత అది నెలకి రెండుసార్లు అలవాటైపోయింది. అదే టైంలో నేను మా సంఘంలో యూత్ లీడర్‌ని, ఇళ్ళల్లో పెట్టుకునే కాటేజ్ ప్రేయర్లలో వాక్యం కూడా చెప్పేవాణ్ణి.

దొరికిపోతానన్న భయం నాకెప్పుడూ లేదు, అందుకే ఇది పాపంలా కూడా అనిపించలేదు. కానీ మెల్లగా నా ప్రార్థన మారిపోయింది. పదిమంది ఉంటే అరగంట ఆపకుండా చేసేవాణ్ణి, గొంతు కూడా పెరిగింది, ఒక్కణ్ణే గదిలో మోకరిస్తే మాత్రం రెండు నిమిషాలకి మాట వచ్చేది కాదు, లేచి ఫోన్ చూసుకునేవాణ్ణి. అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. మా యూత్‌లో ఒక అబ్బాయి తాగి దొరికాడు, కమిటీలో అందరికంటే కఠినంగా మాట్లాడింది నేనే, వాణ్ణి కొన్నాళ్ళు ప్రభు బల్లకి, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి, దూరంగా పెట్టాలని పట్టుబట్టింది కూడా నేనే. అప్పుడు అది పరిశుద్ధత కోసం రోషం అనుకున్నా. నా తప్పు కనబడకుండా ఉండాలంటే ఇంకొకరి తప్పు పెద్దగా కనబడాలి, లోపల జరిగింది అదీ, నాకు అర్థమవడానికి చాలాకాలం పట్టింది.

యెహోషువ 7వ అధ్యాయంలో ఆకాను కథ తెలుసు కదా, యెరికో పట్టణంలో దేవుడు ముట్టుకోవద్దన్న సొత్తుని చాటుగా తీసుకున్నవాడు, చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు రాళ్ళతో కొట్టడమే గుర్తుండిపోయింది. ఆ రోజుల్లో మళ్ళీ చదివితే వేరే సంగతి కనబడింది. యెరికోలో తీసుకున్న మంచి వస్త్రం, వెండి, బంగారం అన్నీ తన డేరా మధ్యలోనే మట్టిలో పాతిపెట్టాడు. ఆ వస్త్రం ఒక్కరోజు కూడా వేసుకుని బయటికి రాలేడు, కానీ రోజూ దాని పక్కనే తినాలి, దాని పక్కనే పడుకోవాలి. నా 240 రూపాయలు కూడా అంతే, ఖర్చు ఎప్పుడో అయిపోయింది, నాలో పాతినది మాత్రం అక్కడే ఉంది.

చాటుగా చేసేవన్నీ చెడ్డవే అని కాదు బ్రదర్. మత్తయి 6లో యేసు ప్రభువు దానం, ప్రార్థన, ఉపవాసం మూడింటినీ రహస్యంగా చెయ్యమన్నాడు, తలుపు వేసుకోమన్నాడు. మా అమ్మమ్మ వాళ్ళది ఖమ్మం జిల్లాలో పల్లెటూరు, దోర్నకల్ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) సంఘం, 1912లో అజరయ్య గారు బిషప్ అయిన డయాసిస్ అది. అమ్మమ్మ ఎసరు పెట్టి బియ్యం కొలిచాక అందులోంచి పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేది, ఆదివారం గుడికి పట్టుకెళ్ళడానికి. చీకటి వంటింట్లో ఆ పిడికిలి ఎంత నిండిందో ఎవరు చూడొచ్చారు, గట్టిగా మూస్తే తక్కువ, వదులుగా పట్టి కుప్పలా తీస్తే ఎక్కువ. ఒకసారి నన్ను వెయ్యమంది, నేను నాలుగు వేళ్ళతో కాసిని తీసి వేశా. ఏమీ అనలేదు, తను నిండుగా ఇంకో పిడికెడు తీసి వేసింది. ఊళ్ళో ఏ ఇంట్లో గొడవైనా ఆడవాళ్ళు వచ్చి ఆమెకే చెప్పుకునేవాళ్ళు, ఆమె దగ్గర చెప్పింది బయటికి పోదని. చదువు లేదు, సాక్ష్యం చెప్పమంటే వణికిపోయేది. ఆ నమ్మకస్తత్వం ఆమెకి ఎక్కడో సభల్లో వచ్చింది కాదు, ఆ పొయ్యి దగ్గరే రోజుకి రెండుసార్లు కొంచెం కొంచెంగా వచ్చిందని నేను గట్టిగా నమ్ముతాను.

నేను ముందు ఎవరికీ చెప్పకుండా తప్పుడు రాతలు మానేశా. నాలుగు నెలలు ఒక్క అబద్ధం కూడా రాయలేదు, అయినా ఏకాంత ప్రార్థన తిరిగి రాలేదు. సామెతలు 28:13లో ఒప్పుకోవడం, విడిచిపెట్టడం రెండూ ఉన్నాయి, నేను రెండోది మాత్రమే చేశా. ఒకరాత్రి మా ఆవిడకి చెప్పా, తను ఏడ్చింది, డబ్బు గురించి కాదు, ఇన్నాళ్ళు చెప్పలేదని. తర్వాత మేనేజర్ దగ్గరికి వెళ్తే ఆయనకి చిరాకొచ్చింది, అందరూ రాసేదేనయ్యా, ఇప్పుడు దీన్ని నేను లెక్కల్లో ఎక్కడ చూపించాలి అన్నాడు. లెక్కేస్తే కొన్ని వేలు తేలింది. చివరికి మూడు నెలలు పెట్రోలు బిల్లు పెట్టకు, సరిపోతుంది అన్నాడు, అలాగే చేశా.

ఆ రోజు రాత్రి గొప్ప అనుభవమేమీ రాలేదు. గదిలో మోకరిస్తే లేచిపోవాలని అనిపించలేదు, అంతే. ఆ అబ్బాయి ఇంటికి కూడా వెళ్ళి నా సంగతి చెప్పి క్షమాపణ అడిగా, పర్లేదన్నా అన్నాడు, కానీ మళ్ళీ సంఘానికి రాలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది, అందుకే ఎవరికీ నష్టం లేదు అన్న మీ మాట దగ్గర ఆగిపోయి ఇంత పెద్ద జవాబు రాస్తున్నా.

ఇప్పుడు నేను పనిచేసే చోట బండి మీటర్ రీడింగ్ ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి, అక్కడ తప్పు రాయడానికి వీలే లేదు. నేను ఎలాంటివాణ్ణో ఇప్పుడు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేతిలో ఉన్నప్పుడే తెలుస్తుంది, అందుకే దాన్ని హాల్లో ఛార్జింగ్ పెట్టి పడుకుంటున్నా. మీరు కూడా ముందు ఒక్క మనిషికి చెప్పండి బ్రదర్, పాస్టర్ గారైనా సరే, మీ మాట దాచే స్నేహితుడైనా సరే. ఎవరూ లేరనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, పేరు చెప్పక్కర్లేదు.