ఒకేలా కనిపించే అడవి పుట్టగొడుగులు ఒకే జాతివా? డీఎన్ఏ పరీక్షకు పంపితే తేలుతుందా?

చాలావరకు తేలుతుంది. కాకపోతే ముక్క పంపగానే పేరు వచ్చేస్తుందనుకోకండి.

నేను అమెరికాలోని ఓరెగాన్‌లో ఉంటాను. వానలు మొదలయ్యాక శనివారాలన్నీ డగ్లస్ ఫర్ చెట్ల కిందే. ఇక్కడ దొరికే చాంటరెల్ అనే పసుపు పుట్టగొడుగును చాలా ఏళ్లు యూరప్ జాతి పేరుతోనే, కాంథరెల్లస్ సిబేరియస్ అని పిలిచారు. తర్వాత ఇక్కడిది వేరని, ఫార్మోసస్ అని తేల్చారు. 2003లో డీఎన్ఏ ఆధారంగా ఇంకోటి బయటపడింది, కాస్కేడెన్సిస్. అప్పటిదాకా జనం తేడా తెలియకుండానే వండుకు తిన్నారు!

నా బుట్టలో కూడా కొన్ని మరీ పసుపుగా, కాడ అడుగు లావుగా ఉంటే అనుమానమొచ్చి పంపించాను. మొదటిసారి వచ్చిన ఫలితం ఏంటో తెలుసా? బూజు. తప్పు నాదే, ప్లాస్టిక్ కవర్లో కట్టి నాలుగు రోజులు ఫ్రిజ్‌లో పెట్టాను. తెచ్చిన రోజే తక్కువ వేడి మీద ఆరబెట్టి, లోపలి కండలోంచి బియ్యపు గింజంత ముక్క తీస్తే చాలు.

రెండోసారి ఇంకో చిక్కు. శిలీంధ్రాలకు సాధారణంగా డీఎన్ఏలో ఐటీఎస్ అనే భాగం చదువుతారు. 2012 నుంచి వాటికి అదే జాతిని గుర్తుపట్టే అధికారిక బార్‌కోడ్ లాంటిది. చాంటరెల్స్‌లో ఆ భాగం మామూలు కంటే చాలా పొడవు, అందుకని మామూలు పద్ధతిలో సరిగ్గా రాలేదు. టెఫ్1 అనే జన్యువు చదివితే గానీ కాస్కేడెన్సిస్ అని తేలలేదు.

వచ్చిన డీఎన్ఏ అక్షరాల వరుసను జెన్‌బ్యాంక్‌లో, అంటే అలాంటి వరుసలు దాచే ఆన్‌లైన్ భండారంలో, పోల్చేటప్పుడు పైన కనిపించిన పేరునే నమ్మకండి. అవి ఎక్కించినవాళ్లు పెట్టిన పేర్లు, తప్పులుంటాయి. 98 శాతం కలిసిందంటే అదే జాతి అని కాదు. ఆ జాతికి మొదట పేరు పెట్టిన నమూనాదే ఆ వరుస అయితే ధైర్యంగా నమ్మొచ్చు.

ఇలాంటివి బయటపడటానికి అడవిదాకా కూడా వెళ్లక్కర్లేదు. 2014లో క్యూ గార్డెన్స్ అనే లండన్ వృక్షోద్యానం శాస్త్రవేత్తలు ఆ ఊళ్లోనే కొన్న ఎండు పోర్చీనీ పుట్టగొడుగుల ప్యాకెట్లోంచి 15 ముక్కలు పరీక్షించారు. చైనా సరుకు. అందులో అప్పటిదాకా శాస్త్రీయ నామమే లేని జాతులు మూడు దొరికాయి.

తినొచ్చా లేదా అని తెలుసుకోడానికైతే డీఎన్ఏ పరీక్షను నమ్ముకోవద్దు. అది తెలిసినవాళ్లకు చూపించి తేల్చుకోవాల్సిన పని.

ఇంకో మాట, ఏ చెట్టు కింద దొరికిందో రాసుకోండి, ఫొటో తీయండి, మిగతా పుట్టగొడుగును ఎండబెట్టి దాచండి. నా ఫలితం వచ్చాక బీజాణువులు కూడా చూద్దామనుకున్నాను. అప్పటికే దాన్ని ఉల్లికారం పెట్టి వండేశాను.