కాలిఫోర్నియాకు వస్తున్న మేనల్లుడికి, అక్కడి పిస్టళ్ళ జాబితా గురించి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఆస్టిన్‌లో ఇల్లు ఖాళీ చేసి ఫ్రీమాంట్‌కు వచ్చే ముందే ఈ సంగతి అడిగి మంచి పని చేశావు. టెక్సాస్‌లో ఏ దుకాణంలోనైనా దొరికే గ్లాక్ 19 జెన్ 5 (అంటే ఐదో తరం) పిస్టల్ ఇక్కడి దుకాణంలో ఎందుకు దొరకదు, నీ దగ్గరున్నది తెచ్చుకోవచ్చా, తమ్ముడికి కూడా ఒకటి కొనిపెట్టవచ్చా అని మూడు ప్రశ్నలు వేశావు. మూడోదానికి జవాబు మొదటే చెబుతాను: కొనిపెట్టకూడదు. కారణం తరువాత రాస్తాను. ముందుగా, ఇక్కడివాళ్ళు ‘రోస్టర్’ అని పిలిచే జాబితా ఎలా పుట్టిందో తెలిస్తే మిగతాదంతా నీకే అర్థమవుతుంది.

అమెరికాలో ఆటబొమ్మ దగ్గర్నుంచి నిచ్చెన దాకా వస్తువుల భద్రతను పరిశీలించే కేంద్ర సంఘం ఒకటి ఉన్నా, తుపాకుల జోలికి మాత్రం అది వెళ్ళకుండా 1970లలోనే కాంగ్రెస్ కట్టడి చేసింది. కేంద్రం వదిలేసిన ఆ పనిని కొన్ని రాష్ట్రాలు అందుకున్నాయి. మేరీలాండ్ 1988లో చట్టం చేసింది, మసాచుసెట్స్‌కూ తన జాబితా ఉంది. కాలిఫోర్నియాలో 1999లో గవర్నర్ గ్రే డేవిస్ సంతకం చేసిన చట్టం 2001 జనవరి 1 నుంచి అమలైంది. లాస్ ఏంజెలెస్ పరిసరాల్లోని చిన్న కర్మాగారాలు జింకు మిశ్రమలోహంతో చౌక పిస్టళ్ళు పోతపోసి దేశమంతా అమ్ముతున్న కాలమది. అటువంటి నాసిరకం సరుకును అంగళ్ళలోంచి తొలగించడమే ఆ చట్టం ఉద్దేశం.

ఆనాటి పరీక్షల మీద నాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. ఉద్యోగజీవితమంతా యంత్రభాగాల నాణ్యత చూసిన మనిషిగా అవి న్యాయమైనవనే అంటాను. రాష్ట్ర న్యాయశాఖ గుర్తించిన ప్రయోగశాలకు తయారీదారు ఒకే మోడల్‌కు చెందిన మూడు తుపాకులను పంపాలి. ఒక్కొక్కదానితో 600 తూటాలు కాల్చాలి. మొదటి 20 తూటాలలో ఒక్కటి కూడా మొరాయించకూడదు, మొత్తం 600లో 6 కంటే ఎక్కువసార్లు మొరాయించకూడదు. ఆ తరువాత మీటరు పైన ఒక సెంటీమీటరు ఎత్తు నుంచి కాంక్రీటు దిమ్మ మీదకు ఆరు రకాలుగా పడవేసినప్పుడు అది పేలకూడదు. పరీక్ష నెగ్గిన మోడల్ జాబితాకు ఎక్కుతుంది. అక్కడ నిలవాలంటే ఒక్కో మోడల్‌కు ఏటా 200 డాలర్లు కడుతుండాలి. ఆ రుసుము కట్టడం మానేస్తే తుపాకీలో ఏ లోపమూ లేకపోయినా జాబితాలోంచి జారిపోతుంది, దుకాణదారు దాన్ని అమ్మలేడు.

చిక్కు 2007లో మొదలైంది. ఆ ఏడాది నుంచి కొత్తగా జాబితాకు ఎక్కే సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే) సెమీ ఆటోమేటిక్ (ఒకటి పేలాక తదుపరి తూటాను తానే ఎక్కించుకునే) పిస్టళ్ళలో, ఛాంబర్‌లో, అంటే పేలే తూటా కూర్చునే గదిలో, తూటా ఉన్నట్టు పైకి తెలిపే సూచిక, మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) తీసేశాక ట్రిగ్గర్ నొక్కినా పేలకుండా ఆపే ఏర్పాటు రెండూ ఉండాలన్నారు. అదే సంవత్సరం, పేలిన తూటా తొడుగు మీద తుపాకీ తయారీ, మోడల్, సీరియల్ సంఖ్యలు సూక్ష్మాక్షరాలుగా అచ్చుపడాలని కోరే మైక్రోస్టాంపింగ్ చట్టం మీద గవర్నర్ ష్వార్జెనెగర్ సంతకం పెట్టారు. ఆ సాంకేతికతకు పేటెంటు అడ్డంకులు లేవని అప్పటి అటార్నీ జనరల్ కమలా హారిస్ 2013 మే నెలలో ధ్రువీకరించడంతో నిబంధన అమల్లోకి వచ్చింది. ఏ కంపెనీ కూడా అటువంటి పిస్టల్ తయారుచేసి తేలేదు. స్మిత్ అండ్ వెసన్, రూగర్ కంపెనీలు తమవల్ల కాదని 2014 జనవరిలో బహిరంగంగానే చెప్పేశాయి. అది అసాధ్యమైన పని అంటూ తయారీదారుల సంఘం వేసిన దావాను, అసాధ్యమన్న ఒక్క కారణంతో శాసనాన్ని కొట్టివేయలేమని రాష్ట్ర సుప్రీంకోర్టు 2018లో తోసిపుచ్చింది. మొదటి పరీక్షలు నాసిరకాన్ని అడ్డుకున్నాయి, ఈ నిబంధన మాత్రం మంచిదీ చెడ్డదీ తేడా లేకుండా కొత్తదాన్నంతా గుమ్మం బయటే నిలబెట్టింది. చేయగలవారెవరో తేలకముందే చేసి తీరాలని రాసిన చట్టమది అని నా అభిప్రాయం.

ఇక కంపెనీవాడి లెక్క చూడు. రంగు, పిడి ఆకృతి వంటి పైపై మార్పులైతే కొత్త పరీక్ష లేకుండా దరఖాస్తుతో సరిపోతుంది. లోపలి పనితీరులో మార్పు చేస్తే అది కొత్త మోడల్, దానికి కొత్త నిబంధనలన్నీ వర్తిస్తాయి. అందుకని చాలామంది పాత మోడల్‌ను ముట్టుకోకుండా ఏటేటా రుసుము కట్టి నిలబెట్టుకున్నారు. గ్లాక్ తన నాలుగో తరాన్ని, ఐదో తరాన్ని చాలా రాష్ట్రాల్లో అమ్ముతున్నా, ఇక్కడ మూడో తరమే అమ్ముతూ వచ్చింది. కుడి మోచేతి కింద చెయ్యి లేకుండా పుట్టిన ఒక వ్యక్తి, రెండు వైపుల నుంచీ మ్యాగజైన్ విడదీయగల గ్లాక్ 21 కావాలని కోర్టుకెక్కాడు. అదే పిస్టల్‌లో, ఒక వైపు మీట ఉన్నది జాబితాలో ఉంది, రెండు వైపులా ఉన్నది లేదు. ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు 2018లో రాష్ట్రం వైపే తీర్పు చెప్పింది.

తుపాకీ హక్కులకు బలమిస్తూ 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రూయెన్ తీర్పు తరువాత గాలి కొంత మారింది. 2023 మార్చిలో జిల్లా న్యాయమూర్తి కార్మాక్ కార్నీ మూడు నిబంధనలనూ నిలిపివేయగా, రాష్ట్రం మైక్రోస్టాంపింగ్ విషయంలో అప్పీలుకు వెళ్ళకుండా, మిగిలిన రెండింటిని మాత్రం స్టే తెచ్చుకుని కాపాడుకుంది. ఆ రెండు ఏర్పాట్లూ అమర్చి కాలిఫోర్నియా కోసమే ప్రత్యేకంగా చేసిన కొన్ని పిస్టళ్ళు అప్పటినుంచి జాబితాకు ఎక్కుతున్నాయి. మైక్రోస్టాంపింగ్‌ను 2028 నుంచి షరతులతో మళ్ళీ తేవడానికి 2023లోనే మరో చట్టం చేశారు కాబట్టి ఆ అధ్యాయం ముగిసిందని అనుకోకు.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. రోస్టర్ కట్టడి చేసేది దుకాణదారుడి అమ్మకాన్ని. నీ సొంత పిస్టల్‌తో ఇక్కడికి కాపురం వస్తే, అది జాబితాలో లేనిదైనా తెచ్చుకోవచ్చు. వచ్చిన 60 రోజుల్లోగా న్యాయశాఖకు నివేదిక పంపి రుసుము కట్టాలి. అయితే దానితో వచ్చిన 15 తూటాల మ్యాగజైన్లు మాత్రం అక్కడే వదిలించుకుని, 10 తూటాలవి కొనుక్కుని రా. బ్యారెల్ చివర సైలెన్సర్ బిగించే మరలు చెక్కి ఉంటే ఆ పిస్టల్ ఇక్కడి లెక్కలో ‘అసాల్ట్ వెపన్’ అవుతుంది, దాన్ని అసలు తేకూడదు. దారిలో తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో పెట్టి తీసుకురా.

ఇక్కడ కొత్తది కొనాలంటే ముందు భద్రతా ధ్రువపత్రం పరీక్ష రాయాలి. 30 ప్రశ్నల్లో 23 సరిగ్గా రాస్తే చాలు, పత్రం ఐదేళ్ళు చెల్లుతుంది. డబ్బు కట్టాక 10 రోజులు ఆగాలి. 2024 జూలై నుంచి 11 శాతం ప్రత్యేక పన్ను కూడా పడుతోంది, దాన్ని దుకాణదారుడే కట్టాలన్నది చట్టం మాట, చివరకు పడేది మన బిల్లులోనే. నెవాడాకు వెళ్ళి కొని తెచ్చుకుందామనే ఊహ వద్దు. సొంత రాష్ట్రం బయట హ్యాండ్‌గన్ నేరుగా కొని తెచ్చుకోవడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, ఇక్కడి దుకాణానికి పంపించుకుంటే మళ్ళీ రోస్టరే అడ్డుపడుతుంది.

జాబితాలో లేనివి సక్రమంగా చేతులు మారే దారులు రెండున్నాయి. మొదటిది, ఇద్దరు వ్యక్తులు లైసెన్సున్న దుకాణదారు దగ్గరకు కలిసి వెళ్ళి అతని ద్వారా బదిలీ చేసుకోవడం. దానికీ 10 రోజుల నిరీక్షణ తప్పదు. అటువంటి సరుకుకు ఇక్కడ గిరాకీ ఎక్కువ కనుక, టెక్సాస్‌లో కొత్తదానికి పెట్టే ధర కంటే ఇక్కడ పాతదానికి ఎక్కువ అడుగుతారు, తొందరపడి కొనకు. రెండోది దగ్గరి కుటుంబంలో ఇచ్చిపుచ్చుకోవడం. తల్లిదండ్రులు–పిల్లలు, తాతామామ్మలు–మనవలు ఇందులోకి వస్తారు. మన ఇళ్ళలో మేనమామ లేకుండా ఏ శుభకార్యమూ జరగదు గానీ, కాలిఫోర్నియా చట్టానికి నేను నీకు దగ్గరివాణ్ణి కాను.

తమ్ముడు ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నాడు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గాని, ఒక్క తూటా గాని దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులున్నాయి, వాటిని నమ్ముకుని ముందడుగు వేయాలంటే వలస వ్యవహారాల న్యాయవాదిని అడిగి తీరాలి. గ్రీన్ కార్డు ఉన్న నీకు ఆ బాధ లేదు. కానీ నీ పేరు మీద కొని అతనికివ్వడం నేరం. 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన అబ్రామ్‌స్కీ కేసులో ఒక మేనల్లుడు తన మామ కోసం గ్లాక్ 19 కొన్నాడు. మామకు కూడా తుపాకీ ఉంచుకునే హక్కు ఉన్నా, అసలు కొనుగోలుదారును తానేనని ఫారంలో రాసినందుకు శిక్ష ఖాయమైంది. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి తాళంపెట్టె సంకేతం నీ ఒక్కడికే తెలిసి ఉండాలి.

చివరగా ఒక తాజా విషయం. సులువుగా మెషిన్ గన్‌గా మార్చగల పిస్టళ్ళను 2026 జూలై 1 నుంచి దుకాణాల్లో అమ్మకూడదని 2025 అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ సంతకం చేశారు. ఆ చట్టం గురి ప్రధానంగా గ్లాక్ నమూనాల మీదే. కనుక ఏది కొన్నా అడ్వాన్సు కట్టే రోజున న్యాయశాఖ వెబ్‌సైటులో ఆ మోడల్ పూర్తి పేరు, అంకెలు, బ్యారెల్ పొడవు, గడువు తేదీ అన్నీ సరిపోల్చి చూసుకో. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే మోడల్ కిందే లెక్క.

ఆశీస్సులతో,
మామయ్య