పదో తరగతి తరువాత సొంత ప్రాజెక్టు

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి పరీక్షలు రాసింది. ఇంటర్ తరగతులు మొదలయ్యేలోపు ‘నీటి సంరక్షణ’ మీద సొంతంగా ఒక ప్రాజెక్టు చేస్తానంటోంది. మార్కులు రాని పనికి సెలవులు పాడు చేయడం కన్నా బ్రిడ్జి కోర్సులో చేర్పించడం మేలని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: మార్కులు రావన్నది నిజమేనండి, కానీ నేను చెప్పబోయే పనికి వారానికి ఒక ఉదయం చాలు కనుక బ్రిడ్జి కోర్సుకు అడ్డేమీ రాదు. అయితే ‘నీటి సంరక్షణ’ అని అంత పెద్ద శీర్షిక పెట్టుకుంటే, అది చార్టు మీద అతికించిన బొమ్మలతోనూ ఇంటర్నెట్ నుంచి దించుకున్న నాలుగు పేరాలతోనూ ముగిసిపోతుంది. మీ అమ్మాయి స్వయంగా కొలిచి జవాబు చెప్పగలిగిన ప్రశ్న కావాలి. చెరువు కింది బావులలోనూ, చెరువుకు దూరంగా ఉన్న బావులలోనూ వేసవిలో నీటిమట్టం ఒకే తీరుగా దిగుతుందా అన్నది అలాంటి ప్రశ్న.

అటు రెండు, ఇటు రెండు వ్యవసాయ బావులు ఎంచుకుని, ప్రతి బావి పిట్టగోడ మీద ఒకచోట పెయింటుతో గుర్తు పెట్టాలి. టేపు కొసకు చిన్న ఇనుప బరువు కట్టి, చివరి మీటరు మేర సుద్ద రాసి, కొస నీటిలో మునిగేలా దించాలి. గుర్తు దగ్గర టేపు 12 మీటర్లు చూపించి, పైకి లాగాక సున్నా నుంచి 40 సెంటీమీటర్ల మేర సుద్ద తడిసి కనిపిస్తే, నీరు గుర్తుకు 11.60 మీటర్ల కింద ఉన్నట్టు. పిట్టగోడ ఎత్తు 80 సెంటీమీటర్లయితే అదీ తీసివేసి, నేలమట్టానికి 10.80 మీటర్ల లోతు అని రాయాలి. ఈ తీసివేత చేయకపోతే ఒక బావిని మరో బావితో పోల్చడం కుదరదు.

చిక్కంతా మోటారుతోనే. తోడుతున్నంతసేపూ మట్టం పడిపోయి, ఆపాక గంటల తరబడి మెల్లగా పైకి వస్తుంది. తెల్లవారుజామున కొలిస్తే సరిపోతుందనుకోవడానికీ లేదు; ఆటోస్టార్టరు ఉన్నచోట కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు తనంతట తానే నడుస్తుంది. కాబట్టి మోటారు ఎప్పుడు ఆగిందో రైతును అడిగి, ఆ వేళను కొలత పక్కనే రాయాలి. వాడకంలో లేని పాత మోటబావి ఒకటి దొరికితే మరీ మంచిది. బోర్లలోకి మాత్రం టేపు దించనివ్వకండి, లోపలి కేబుల్‌కు చుట్టుకుంటే రైతుకు నష్టం. పిట్టగోడ లేని బావులను వదిలేయండి. ఉన్నవాటి దగ్గరకు కూడా మీరు తోడు వెళ్లండి, టేపు మాత్రం ఆమెనే పట్టుకోనివ్వండి.

ఇదంతా పిల్లల ఆట అనే బంధువులకు మీ జిల్లా సంగతే చెప్పవచ్చు. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, భూగర్భజలాల నిర్వహణను రైతులకే అప్పగించిన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టు కింద నల్లగొండతో సహా ఏడు కరవు జిల్లాలలో రైతులే నీటిమట్టాలు, వర్షపాతం కొలుచుకుని, ఉన్న నీటికి ఏ పంటలు సరిపోతాయో ఊళ్లో కూర్చుని లెక్క వేసుకున్నారు.

జూన్‌లో కళాశాల తెరిచారని కొలతలు ఆపించకండి. వానలకు ఏ బావి ముందు తేరుకుంటుందో చూడకపోతే ఆమె ప్రశ్నకు సగం జవాబే దొరుకుతుంది. హాస్టల్‌లో చేరవలసి వస్తే, సెప్టెంబరు దాకా వారం వారం ఆ కొలతలు తీసి ఆమెకు పంపే పని మీది.