వసంతకాలపు ఫుట్‌బాల్ లీగ్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వసంతంలో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ యుఎఫ్‌ఎల్ మీద నువ్వు రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యం చక్కగా నడిచింది, ఆట మీద నీ ఇష్టం ప్రతి పేరాలో కనిపించింది. కానీ చివర "ఇది అక్కడి అగ్ర లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీ కాగలదా? కాలమే చెప్పాలి" అని వదిలేశావు. అక్కడ పాఠకుణ్ణి వట్టి చేతులతో పంపేశావు. అమెరికాలో ఈ ప్రశ్నకు 1983 నుంచి జవాబులు వస్తూనే ఉన్నాయి. నా అభిప్రాయం ముందే చెప్తాను: పోటీ కాలేదు. పోటీకి దిగనంత కాలమే వసంత లీగ్ బతుకుతుంది. నువ్వు ఒప్పుకోకపోయినా పర్వాలేదు, కాని ఏ మాట అన్నా లెక్క చూపించి అను.

మొదటి పేరాలోనే ఇది మెస్సీ ఆడే ఆట కాదని, చేత్తో విసిరి, పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్ అని ఒక్క వాక్యంలో తేల్చెయ్. గుంటూరులో చదివేవాడికి అది అవసరం. ఆ తర్వాత నేరుగా జీతాల దగ్గరికి వెళ్లు.

2025లో యుఎఫ్‌ఎల్ ఆటగాడికి సీజన్ మొత్తానికి కనీస జీతం 62,005 డాలర్లు. అదే ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్తగా అడుగుపెట్టిన కుర్రాడికి కనీసం 8,40,000 డాలర్లు. పదమూడు రెట్లు దాటింది. ఇక ఆటగాళ్లు ఎక్కణ్ణుంచి వస్తారో చూడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు. ఆగస్టు చివర ఒక్కో జట్టు 90 మందిని 53కి కుదిస్తుంది. అంటే దాదాపు 1,180 మంది ఒక్కసారిగా బయటికొస్తారు. జట్టుకు పదహారు మంది చొప్పున ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే జట్టుతో సాధన చేసే అదనపు బృందంలో, చోటు దొరుకుతుంది. అదీ దొరకనివాళ్లతోనే వసంత లీగ్ నడవాలి.

దీని ఫలితం మైదానంలో ఎలా కనబడుతుందో నీ వ్యాసంలో లేదు. "ఆట నాణ్యత తక్కువ" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. ఎక్కడ తక్కువ? బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు కాపలాగా ముందు నిలబడే ఐదుగురి వరసలో. ఆ ఐదుగురూ ఒక్క మనిషిలా కదలాలంటే నెలల తరబడి కలిసి ఆడాలి. వసంత లీగ్‌లో వాళ్లకు దొరికేది కొద్ది వారాల క్యాంపు. వరస చీలిపోతుంది, క్వార్టర్‌బ్యాక్‌కు బంతి విసిరే వ్యవధి ఉండదు, పొట్టి పాసులతో కాలం గడుస్తుంది, స్కోరు పెరగదు, చూసేవాడు చానల్ మారుస్తాడు. ఒంటరి నైపుణ్యంతో నెగ్గుకొచ్చే కిక్కర్లు, అవతలివాళ్లు తన్నిన బంతిని అందుకుని పరుగెత్తే రిటర్నర్ల సంగతి వేరు. వసంత లీగుల నుంచి పైకి, ఎన్‌ఎఫ్‌ఎల్‌కు, వెళ్లినవాళ్ల పేర్లు చూడు: న్యూజెర్సీ జనరల్స్ నుంచి డాలస్ కౌబాయ్స్‌కు రిటర్నర్ కవాంటే టర్పిన్, బర్మింగ్‌హామ్ స్టాలియన్స్ నుంచి అదే కౌబాయ్స్‌కు కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ, మిషిగన్ పాంథర్స్ నుంచి డెట్రాయిట్ లయన్స్‌కు కిక్కర్ జేక్ బేట్స్. 2024 మార్చిలో బేట్స్ 64 గజాల నుంచి బంతిని గోలు దాటించాడు. అవతలి జట్టు సరిగ్గా ఆ క్షణాన టైమవుట్ అడగడంతో అది చెల్లలేదు. మళ్లీ అదే చోట నిలబడి, మళ్లీ దాటించాడు. ఆ ఏడే లయన్స్ అతణ్ణి తీసుకున్నారు. లీగ్ గురించి ఇంతకంటే స్పష్టంగా చెప్పే సంఘటన నాకు తోచదు. తన మంచి ఆటగాణ్ణి పోగొట్టుకోవడమే దాని విజయం. ఇది రాయి, వివరంగా రాయి.

అందరూ మరిచిపోయే ఖర్చు బీమా. దెబ్బలు తప్పని ఆట ఇది. పని చేస్తూ గాయపడ్డ మనిషికి చెల్లించే కార్మిక బీమా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ధర. 2019లో ఏఏఎఫ్ అనే లీగ్ పుట్టింది. అందులో ఓర్లాండో జట్టు ఫ్లోరిడాలో ఈ బీమాతో వచ్చిన చిక్కు తప్పించుకోవడానికి రాష్ట్ర సరిహద్దు దాటి జార్జియాలోని కింగ్స్‌లాండ్‌లో ప్రాక్టీస్ చేసింది. లీగ్‌లో అన్నిటికంటే ఎక్కువ గెలిచిన జట్టు అదే. ఆ లీగ్ ఫిబ్రవరి 9న మొదలై, పది వారాల సీజన్‌లో ఎనిమిది వారాలకే ఏప్రిల్ 2న ఆగిపోయింది. 25 కోట్ల డాలర్లు పెడతానని వచ్చిన టామ్ డండన్ సుమారు ఏడు కోట్ల దగ్గర చేతులెత్తేశాడు. అందుకే "ఇంత పెట్టుబడి ప్రకటించారు" అన్న వార్త చూస్తే, అందులో ఇప్పటికి చేతికొచ్చింది ఎంతో అడుగు.

టీవీ విషయంలో నువ్వు చేసిన పొరపాటు చాలామంది చేసేదే. తొలి వారం రేటింగ్ చూసి ఉప్పొంగిపోయావు. 2001లో ఎన్‌బీసీ టీవీ, కుస్తీ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి పెట్టిన ఎక్స్‌ఎఫ్‌ఎల్ తొలి రాత్రి 9.5 రేటింగ్ తెచ్చుకుంది, అంటే టీవీ ఉన్న ఇళ్లలో అంత శాతం చూశాయి. కొద్ది వారాల్లోనే అది ఒకటిన్నర దగ్గరికి పడింది. ఒక్క సీజన్‌తో కథ ముగిసింది. తొలి వారం వచ్చేది కుతూహలం. నాలుగో వారం నుంచి లెక్కపెట్టు. ఇంకోటి, టీవీ హక్కుల డబ్బు ఎటునుంచి ఎటు వెళ్తోందో చూడు. ఎన్‌ఎఫ్‌ఎల్ 2021లో కుదుర్చుకున్న ఒప్పందాల విలువ పదకొండేళ్లకు సుమారు 11,000 కోట్ల డాలర్లు. 32 జట్లకు పంచితే టికెట్ ఒక్కటి అమ్మకముందే జట్టుకు ఏడాదికి 30 కోట్ల డాలర్లు పైన. యుఎఫ్‌ఎల్‌లో ఫాక్స్ టీవీ సంస్థ స్వయంగా భాగస్వామి. యజమానే ప్రసారం చేస్తున్నప్పుడు బయటి మార్కెట్ ఆ ఆటకు కట్టే ధర ఎంతో తెలియదు. ఆ తేడా పాఠకుడికి చెప్పాలి.

ఇప్పుడు 1980ల నాటి పాత వసంత లీగ్ యుఎస్‌ఎఫ్‌ఎల్. నీ వ్యాసంలో దీనికి రెండు వాక్యాలే ఉన్నాయి, కనీసం సగం పేజీ ఇవ్వు. నిజంగా పోటీకి దిగిన వసంత లీగ్ అదొక్కటే. 1983లో 12 జట్లతో మొదలైంది. డేవిడ్ డిక్సన్ వేసిన మూల ప్రణాళికలో ప్రాణం ఒకటే: జీతాలు అదుపులో పెట్టాలి, ఓపిక పట్టాలి. తొలి ఏడే కాలేజీ ఫుట్‌బాల్ స్టార్ హర్షెల్ వాకర్‌ను కొనడంతో ఆ కట్టు తెగింది. మరుసటి ఏడు 18 జట్లయ్యాయి. లాస్ ఏంజెలెస్ జట్టు క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్‌తో నాలుగు కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది. అందులో అధిక భాగం దశాబ్దాలపాటు విడతలుగా ఇచ్చేది. 1985కల్లా యజమాని చేతిలో డబ్బు అయిపోయి, ఆ జట్టు సొంత ఊళ్లో ఆఖరి మ్యాచ్‌ను పియర్స్ కాలేజీ అనే చిన్న కాలేజీ మైదానంలో ఆడింది.

1984లో యజమానులు లీగ్‌ను శరదృతువుకు, అంటే సరిగ్గా ఎన్‌ఎఫ్‌ఎల్ ఆడే కాలానికి మార్చాలని ఓటేశారు. అప్పటి న్యూజెర్సీ జనరల్స్ యజమాని డొనాల్డ్ ట్రంప్ ఆ మాట మీద గట్టిగా నిలబడ్డాడు. నిర్ణయం వెలువడగానే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లున్న ఊళ్లలో ఉండలేక అప్పటి చాంపియన్ ఫిలడెల్ఫియా స్టార్స్ సైతం బాల్టిమోర్ పేరుతో మకాం మార్చింది. అంటే, కూడగట్టుకున్న అభిమానుల్ని చేతులారా వదులుకున్నారు. ఆపైన కోర్టు. 1986 జులై 29న న్యూయార్క్ జ్యూరీ ఎన్‌ఎఫ్‌ఎల్ గుత్తాధిపత్యం చేసిందని తేల్చి, నష్టపరిహారం ఒక డాలర్ అంది. చట్టప్రకారం మూడింతలు చేస్తే మూడు డాలర్లు, వడ్డీతో 3 డాలర్ల 76 సెంట్లు. శరదృతువులో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే లీగ్ మూతపడింది.

మన పాఠకులకు ఇది అర్థమయ్యేలా చెప్పడానికి దగ్గరి ఉదాహరణ ఐసీఎల్. 2007లో జీ సంస్థ పెట్టిన ఆ క్రికెట్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడింది, అంబటి రాయుడు ఉన్నాడు. బీసీసీఐ ఆ ఆటగాళ్లను నిషేధించి, మరుసటి ఏడు ఐపీఎల్ తెచ్చింది. కానీ తేడా దాచకు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఎవర్నీ నిషేధించనక్కర్లేదు, యుఎఫ్‌ఎల్‌లో బాగా ఆడినవాణ్ణి జూన్ తర్వాత పిలిచి జీతం ఇస్తే చాలు.

"వసంతంలో ఫుట్‌బాల్ ఉండదు కాబట్టి ఖాళీ ఉంది" అన్న వాక్యం కొట్టెయ్. మార్చిలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల కొనుగోళ్లు, ఏప్రిల్ చివర కాలేజీ ఆటగాళ్లను జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్. ఆట లేని రోజుల్లోనూ ఫుట్‌బాల్ కబుర్లన్నీ వాళ్లవే. దానికి తోడు కాలేజీ బాస్కెట్‌బాల్, ఎన్‌బీఏ ప్లేఆఫ్‌లు, బేస్‌బాల్ ఆరంభం.

మంచి కూడా రాయి, మనస్ఫూర్తిగా రాయి. 2020లో అదే పేరుతో మళ్లీ పుట్టిన ఎక్స్‌ఎఫ్‌ఎల్‌లో, ఆట మొదలుపెట్టే తన్ను అయిన కికాఫ్‌లో కిక్కర్ ఒక్కడే దూరంగా ఉంటాడు. మిగతా రెండు వరసలూ అవతలి సగంలో ఐదు గజాల ఎడంతో ఎదురెదురుగా నిలబడతాయి, బంతి అందుకునేదాకా కదలకూడదు. పరుగున వచ్చి ఢీకొట్టే వేగం పోయింది, తలదెబ్బల ప్రమాదం తగ్గింది. 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ ఈ పద్ధతినే కొద్ది మార్పులతో తీసుకుంది. పాత యుఎస్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్న రెండు పాయింట్ల కన్వర్షన్‌ను, అంటే టచ్‌డౌన్ తర్వాత అదనంగా రెండు పాయింట్ల కోసం చేసే ప్రయత్నాన్ని, కూడా 1994లో తీసుకుంది. సెయింట్ లూయిస్‌ను కూడా వదలకు. 2016లో రామ్స్ జట్టు లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయాక, అక్కడి యుఎఫ్‌ఎల్ జట్టు బ్యాటిల్‌హాక్స్ మ్యాచ్‌కు 2024లో సగటున ముప్పై వేలమంది పైగా వచ్చారు. ఆ ఊరికి ఇది ప్రయోగం కాదు, తమ జట్టు. కాకపోతే మిగతా ఊళ్లు అలా లేవు. 2026 సీజన్ కోసం లీగ్ మెంఫిస్, శాన్ ఆంటోనియో, మిషిగన్‌లను వదిలి కొలంబస్, లూయీవిల్, ఓర్లాండోలకు మళ్లింది. చిన్న స్టేడియాలు ఎంచుకుంది. నా దృష్టిలో అది తెలివైన పని.

యుఎఫ్‌ఎల్‌లోని డాలస్ జట్టు ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోకు మారింది. మనవాళ్లు అంతమంది ఉన్న ఊరు, నీకు తెలిసినవాళ్లు తప్పక ఉంటారు. ఒక మ్యాచ్‌కు వెళ్లమను, లేదా నువ్వే వెళ్లు. మూడో క్వార్టర్‌లో ఎన్ని వరసలు ఖాళీగా ఉన్నాయో, టికెట్ ఎంతకు దొరికిందో, మైదానం చుట్టూ ఎవరి ప్రకటనలున్నాయో, ముందు వరస ఐదుగురూ గత వారం ఆడిన ఐదుగురేనో రాసుకో. ఆ నాలుగు వివరాలతో రెండో ప్రతి పంపు. శీర్షిక సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య